హాజరు కోసం చెరిపేసిన మిరపతోట

ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు పెళ్ళిళ్ళలో నన్ను పట్టుకుని, "మీ సర్వీసులో మర్చిపోలేనిది ఏంటి సార్?" అని అడుగుతుంటారు. వాళ్ళకు కావలసింది తుఫాను రోజుల్లో పడవ మీద వెళ్ళి పంట నష్టం రాసుకొచ్చిన కథ. అది నా దగ్గర ఉంది. చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నీళ్ళు ఒక అడుగు పెరిగాయి. ఇప్పుడు రాస్తున్నది అది కాదు. ఇందులో నీళ్ళు లేవు, పెంచి చెప్పుకోవడానికీ ఏమీ లేదు.

నేను ఉద్యాన శాఖలో అధికారిగా పనిచేసి రిటైరయ్యాను. చివరి ఐదేళ్ళూ గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలు కలిసేచోట ఒక మండలంలో ఉన్నాను. మిరప, పత్తి తప్ప మూడో మాట పెద్దగా వినపడని ఊళ్ళు. మా ఆఫీసులో రెండు బీరువాలుండేవి. వాటిలోని ఫైళ్ళను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా శ్రద్ధగా వెళ్ళింది చెదపురుగులు మాత్రమే. అందువల్ల ఫోన్లో తీసిన ఫోటో దానంతటదే ఇంటర్నెట్‌లో మన ఖాతాలోకి వెళ్ళి దాక్కునే ఏర్పాటు వచ్చినప్పుడు, మండలంలో అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే.

న్యాయంగా చెప్పాలి, ఆ సౌకర్యం మామూలుది కాదు. ఒకసారి నా ఫోను సాగర్ కాలువలో పడింది. కొత్త ఫోను కొని, ఖాతా పేరూ పాస్‌వర్డూ కొట్టగానే మూడేళ్ళ ఫోటోలు, నివేదికలు వరసగా వచ్చి నిలబడ్డాయి. కాలువలో పోయింది ఫోను మాత్రమే. ఆ రోజు నుంచి నాకు దాని మీద భక్తి కుదిరింది. భక్తి కుదిరినవాడు నిబంధనలు చదవడు.

ఆ ఏర్పాటంతా చేసిపెట్టింది మా కంప్యూటర్ ఆపరేటర్. నలభై దాటిన మనిషి, పదిహేనేళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. తక్కువ మాట్లాడేవాడు. ఒకరోజు నా బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"సార్, నెలకోసారి ఫోటోలన్నీ పెన్‌డ్రైవ్‌లో కూడా వేసి పెడతానండీ."

"ఎందుకయ్యా? పైన ఉన్నాయిగా."

"ఉన్నాయండీ. ఎట్టా ఉన్నాయో మనం చూడలేదు కదండీ."

"పైనున్న దేవుణ్ణి కూడా మనం చూడలేదు. రోజూ దండం పెట్టట్లేదా?"

ఆఫీసంతా నవ్వింది. కాంట్రాక్టు ఉద్యోగి కాబట్టి అతనూ నవ్వాడు. పెన్‌డ్రైవ్ మాట మళ్ళీ రాలేదు. పాస్‌వర్డు సంగతి కూడా అంతే. నాకు గుర్తుండదని, సిబ్బంది అందరికీ వీలుగా ఉంటుందని, ఎరువుల కంపెనీ వాళ్ళిచ్చిన గోడ క్యాలెండర్ మీద స్కెచ్ పెన్నుతో రాయించాను. అతను రాస్తూ రాస్తూ ఒకసారి నా వైపు చూశాడు. నేను, "అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చెయ్" అన్నాను.

ఆ నవంబరులో ఒక ఊరి నుంచి పన్నెండు మంది రైతులు వచ్చారు. అందరూ ఒకే కొట్లో ఒకే రకం మిరప విత్తనం కొన్నారు. వెళ్ళి చూస్తే తోటలు నడుము ఎత్తున, ముదురాకుపచ్చగా, ఫోటో తీసి గోడకు పెట్టుకోవచ్చు అన్నట్టున్నాయి. పూత పూసినట్టే పూసి రాలిపోతోంది. ఎకరం తిరిగితే దోసెడు కాయలు లేవు. కొట్టు యజమాని వాతావరణం అన్నాడు. పక్క చేలో వేరే విత్తనం వేసినవాడికి మాత్రం వాతావరణం బాగానే ఉంది.

పన్నెండు మందిలో ఒకరు కౌలు రైతు. భర్త పోయి నాలుగేళ్ళయింది. అన్న సాయంతో మూడెకరాలు కౌలుకు తీసుకుని చేస్తోంది. మిగతా పదకొండు మందికి పట్టాదారు పుస్తకాలున్నాయి, కొట్టు రసీదులున్నాయి. ఈమెకు కౌలు పత్రం మీద భూమి యజమాని సంతకం పెట్టలేదు. మా వైపు పెట్టరు, పెడితే భూమి పోతుందని భయం. కొట్లో ఇచ్చింది తెల్లకాగితం ముక్క. ఆమె దగ్గర ఉన్నది తోట, దాని గట్టున పుల్లలకు గుచ్చిన ఖాళీ విత్తనాల ప్యాకెట్లు. నారు పోసిన రోజున ప్యాకెట్‌ను పుల్లకు గుచ్చి మడి దగ్గర పాతడం, నాటాక వాటిని తెచ్చి చేను గట్టున పెట్టడం ఇక్కడి అలవాటు. ఎండకు రంగు వెలుస్తున్నా ప్యాకెట్ల మీద లాట్ నంబరు అప్పటికి ఇంకా కనిపిస్తోంది.

నలభైకి పైగా ఫోటోలు తీశాను. ఆమెను తోట మధ్యలో నిలబెట్టి, ప్యాకెట్లు చేత్తో పట్టుకోమని, తేదీ, స్థలం పడేట్టు తీశాను.

"ఇయ్యన్నీ ఎక్కడుంటాయి సార్?" అంది.

"ఇంటర్నెట్లో అమ్మా. నా ఫోను పోయినా, ఆఫీసు తగలబడినా అవి పోవు."

"కాగితం లేనిదాన్ని. ఈ ఫోటోలే నాకు కాగితం" అంది.

డిసెంబరు మొదట్లో ఆఫీసుకొచ్చింది. నష్టపరిహారం తేల్చే పరిశీలన కమిటీ ఎప్పుడొస్తుందో మాకే తెలియదు. తేదీ, స్థలం ఉన్న ఫోటోలు సాక్ష్యంగా చాలని ఒక వీడియో మీటింగులో పైవాళ్ళు అన్నట్టు నాకు గుర్తు. అన్నారు కూడా. నేను తప్పుగా వినలేదు.

"సార్, ఈ తోట ఇంకా ఉంచమంటారా? బోర్లో నీళ్ళు ఉండగానే పీకేసి మొక్కజొన్న పెట్టుకుంటా. కాయ లేని చెట్లకి నీళ్ళు పెట్టాలంటే చేతులు రావట్లా."

"పీకించెయ్ అమ్మా. దేనికది?"

"కమిటీ వాళ్ళు వచ్చి చూస్తామంటే?"

"ఫోటోలు చూస్తారు."

అయినా అడిగింది. "ఒక నాలుగు సాళ్ళు ఉంచమంటారా, సాక్ష్యానికి?"

"సాక్ష్యం అంతా నా దగ్గర ఉందమ్మా. ఆ నాలుగు సాళ్ళలో కూడా నాలుగు బుట్టల కండెలు వస్తాయి, వేసుకో."

నాలో సలహాదారుడు అప్పుడు మంచి ఊపు మీద ఉన్నాడు. ఇదే సలహా మిగతా పదకొండు మందికీ చెప్పాను. వాళ్ళు, "అట్టాగేనండీ" అని గట్టిగా తలూపి, ఇంటికి వెళ్ళి ఏమీ చేయలేదు. తోటలు అట్లాగే ఎండుతూ నిలబడ్డాయి. నా మాట విన్నది ఆమె ఒక్కతే. మొదలంటా పీకించి, కుప్ప వేసి, తగలబెట్టి, మొక్కజొన్న నాటింది.

ఇక నేను చేసిన పని. డిసెంబరు మధ్యలో ఒకరోజు పొద్దున వేరే ఊళ్ళో గట్టు మీద నిలబడి ఉన్నాను. మాకు ఫోన్లో మొహం చూపించి హాజరు వేసుకునే పద్ధతి ఉంది. పది దాటితే ఆలస్యం, మూడు ఆలస్యాలకు ఒక సెలవు పోతుంది. ఆ రోజు ఆ యాప్ తెరుచుకోలేదు. ఫోన్లో చోటు లేదంది. టైము పదికి తొమ్మిది నిమిషాలు తక్కువ. చోటు తినేస్తున్నది ఏమిటా అని చూస్తే ఫోటోలు. అవెలాగూ ఖాతాలో భద్రంగా ఉన్నాయి కదా, ఫోన్లో రెండోసారి ఎందుకు అనుకున్నాను. నవంబరు నెల మొత్తం ఎంచుకుని తీసేయమన్నాను.

ఫోను ఏదో అడిగింది. రెండు వాక్యాలు. అవును, కాదు అని రెండు గడులు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదని చెప్పుకునేవాణ్ణి. ఆ రెండు వాక్యాలు చదవలేదు. చదివి ఉంటే, ఇక్కడ తీసేస్తే ఖాతాలోనూ, దానితో కలిపిన అన్ని చోట్లా పోతుంది, సరేనా అని అడిగినట్టు తెలిసేది. నేను సరేనన్నాను. చోటు వచ్చింది. యాప్ తెరుచుకుంది. పదికి నాలుగు నిమిషాల ముందు నా మొహం పడింది, పక్కన ఆకుపచ్చ టిక్కు వచ్చింది. పన్నెండు తోటలు తీసేస్తే ఒక మొహం పట్టింది.

మీలో చాలామంది ఇప్పటికీ ఇక్కడే పొరబడుతున్నారు కాబట్టి ఒక్క మాట. రెండు చోట్ల కనిపించినంత మాత్రాన రెండు కాపీలున్నట్టు కాదు. అద్దంలో మీరు కనిపిస్తారు. మీరు పక్కకు తప్పుకున్నాక అద్దంలో వెతకండి. ఆ ఖాతా మాకు అద్దంలా పనిచేసింది. మేము దాన్ని బీరువా అనుకున్నాం.

ఫిబ్రవరి చివరలో కమిటీ వస్తున్నట్టు కబురొచ్చింది. ముందు రోజు ఫోటోలు ముద్రించడానికి ఖాతా తెరిస్తే అక్టోబరు తర్వాత డిసెంబరు ఉంది. మధ్యలో నెల లేదు. క్యాలెండర్ వైపు చూశాను. నెలలన్నీ ఉన్నాయి, వాటి పైన పెద్ద అక్షరాలతో పాస్‌వర్డూ ఉంది. అప్పుడు నా బుర్ర చాలా వేగంగా పనిచేసింది. ఎప్పుడూ తప్పు వైపే అది అంత వేగంగా పనిచేస్తుంది. మా ఆపరేటర్ బావమరిది ఆ విత్తనాల కొట్లోనే గుమస్తా.

అందరూ ఉండగా అన్నాను. "బావమరిది ఆ కొట్లో పనిచేస్తుంటే పాస్‌వర్డు ఎక్కడికి పోతుందో, ఫోటోలు ఎక్కడికి పోతాయో నేను చెప్పక్కర్లేదనుకుంటా."

ఎవరూ నవ్వలేదు. ఆపరేటర్ కుర్చీ లాక్కుని, ఖాతాలో ఏ రోజు ఏం జరిగిందో నమోదై ఉండే పేజీ ఒకటి తెరిచాడు. అలాంటిది ఒకటి ఉంటుందని నాకు తెలియదు. చాలాసేపు వెతికాడు.

"సార్, ఒకసారి ఇటు రండి."

వెళ్ళాను.

"తీసేసిన తేదీ ఇదండీ. టైము తొమ్మిదీ యాభై రెండు. తీసేసిన ఫోను పేరు ఇక్కడుంది. ఈ ఫోను ఎవరిదండీ?"

ఎవరిదో అతనికి తెలుసు. కాలువలో పడ్డదాని తర్వాత కొన్న ఆ ఫోను సిద్ధం చేసింది అతనే. అయినా అడిగాడు. మర్యాద తెలిసిన మనిషి. ఆ రోజు తొమ్మిదీ యాభై ఆరుకు నేను ఆ ఫోనుతోనే ఉన్నానని ప్రభుత్వం దగ్గర నా మొహంతో సహా రుజువుంది. ఆ ఫోటో మాత్రం పోలేదు.

"చెత్తబుట్టలో ఉంటాయిగా?" అన్నాను.

"రెండు నెలలు ఉంటాయండీ. తర్వాత దానంతటదే ఖాళీ అయిపోద్ది."

"మరి?"

"అయిపోయి పదకొండు రోజులైందండీ."

అప్పుడు అతనికి క్షమాపణ చెప్పాలి. నేను, "అందరికీ టీ చెప్పండి" అన్నాను. అదే క్షమాపణ అని అతను అర్థం చేసుకుంటాడని ఆశ. టీ వచ్చింది. అతని గ్లాసు బల్ల మీదే చల్లారిపోయింది.

పై అధికారికి ఫోన్ చేశాను.

"ఎట్టా పోయినయ్?" అన్నాడు. "మరి, హాజరు యాప్ కోసం..." అని నసిగాను. ఆయన అర్థం చేసుకున్నాడు. "సరేలే. రిటైర్మెంటు ఎప్పుడు?"

"జూన్ ఆఖరుకండీ."

"నాలుగు నెల్లు. సాంకేతిక కారణాల వల్ల లభ్యం కాలేదని రాసెయ్యి. నలుగురూ రాసేదేగా."

రాశాను. ఆ మాట ఎవరు కనిపెట్టారో గానీ మా శాఖకు గొడుగు లాంటిది. దాని కింద నిలబడితే మనిషి కనపడడు. కారణాలుంటాయి, అవి సాంకేతికం, వాటికి ఇల్లూ వాకిలీ ఉండదు, మెమో ఇద్దామంటే చిరునామా దొరకదు.

కమిటీలో పరిశోధన స్థానం నుంచి వచ్చిన శాస్త్రవేత్త ఒకాయన, జిల్లా అధికారులు ఇద్దరు. పదకొండు తోటలు చూశారు. ఎండినా మొక్కలున్నాయి, కొమ్మలు విరిచి సంచుల్లో వేసుకున్నారు, ఫోటోలు తీసుకున్నారు. పన్నెండోది మొక్కజొన్న. మనిషెత్తున పెరిగి, పైన పూత జల్లు వేసి గాలికి గలగలలాడుతోంది. ఆమె తలదువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, అన్నతో కలిసి గట్టున నిలబడి ఉంది.

"మిరప ఎక్కడమ్మా?" అన్నాడు శాస్త్రవేత్త.

"సార్ దగ్గరుందండీ. ఫోటోల్లో" అని నా వైపు చెయ్యి చూపించింది.

అందరూ నా వైపు చూశారు. నేను మొక్కజొన్న వైపు చూశాను. ఆరోగ్యంగా ఉంది, నాది మంచి సలహానే.

జిల్లా అధికారి ఫైలు తిప్పి నేను రాసిన వాక్యం చదువుకున్నాడు. శాస్త్రవేత్త మంచివాడు. సాళ్ళ మధ్యకు వెళ్ళి మిరప మోడేమైనా దొరుకుతుందేమోనని కాలితో మట్టి కదిపి చూశాడు. ఆమె ఎంత శుభ్రంగా పీకించిందంటే ఒక్క వేరు దొరకలేదు. పుల్లలకు ప్యాకెట్లు ఉన్నాయి గానీ ఎండకు అక్షరాలు పోయి తెల్లగా మెరుస్తున్నాయి. మొక్కజొన్న చేలో మిరప నష్టం రాయడానికి వాళ్ళ ఫారంలో గడి లేదు. మేము వెళ్ళేటప్పుడు ఆమె నన్ను ఏమీ అడగలేదు. నేను ఇంకేదో చూసుకుంటానని నమ్మింది కాబోలు.

ఏప్రిల్లో ఆర్డర్లు వచ్చాయి. పదకొండు మందికి పరిహారం మంజూరు, ఒకరికి తిరస్కరణ. ఒక మధ్యాహ్నం ఆమె ఆ తిరస్కరణ కాగితం తీసుకుని ఆఫీసుకొచ్చింది.

"ఇందులో ఏం రాశారో చదివి చెప్పండి సార్."

చదివాను. "క్షేత్రస్థాయి ఛాయాచిత్రాలు సాంకేతిక కారణాల వల్ల లభ్యం కానందున..."

"అంటే?"

"ఫోటోలు కొన్ని కారణాల వల్ల దొరకలేదని."

"ఎవరి కారణాల వల్ల సార్?"

ఆపరేటర్ కీబోర్డు చప్పుడు ఆగింది. అతను తలెత్తలేదు.

"నా వల్లేనమ్మా. నేనే తీసేశాను. తెలియక."

ఈ ఊళ్ళలో మనుషులు క్షేమసమాచారం కూడా అరిచే అడుగుతారు. ఆమె అరవలేదు. అరిస్తే నాకు కొంత తేలికయ్యేది.

"నాలుగు సాళ్ళు ఉంచమంటారా అని అడిగాను మిమ్మల్ని."

"అడిగావమ్మా."

"అడిగానా లేదా?"

"అడిగావు. వద్దన్నాను."

"అయితే ఇదంతా కాగితం మీద రాసియ్యండి."

తెల్లకాగితం తీసుకున్నాను. ఎప్పుడు చూశానో, ఏం చూశానో, ప్యాకెట్ మీద లాట్ నంబరు కళ్ళారా చదివానని, తోట తీసేయమన్నది నేనేనని, ఆమె నాలుగు సాళ్ళు ఉంచుతానంటే వద్దన్నానని, ఫోటోలు నా ఫోను నుంచి నా చేత్తో తీసేశానని రాశాను. సర్వీసులో కర్త ఉన్న వాక్యాలు అన్ని ఒకేచోట రాయడం నాకదే మొదటిసారి. సంతకం, హోదా, ఆఫీసు ముద్ర వేశాను.

ఆమె కాగితం తీసుకుని నన్ను చదవమనలేదు. ఆపరేటర్ దగ్గరకు వెళ్ళింది.

"మీరు చదవండి బాబూ. ఆయన చెప్పిందే రాశాడో లేదో."

అతను లేచి నిలబడి చదివాడు. ప్రతి మాటా విడివిడిగా, తొందర లేకుండా. చివర, "అంతే ఉందమ్మా, సరిగ్గానే రాశారు" అన్నాడు. ఆమె బయట జిరాక్సు కొట్టుకు వెళ్ళి పావుగంటకు తిరిగొచ్చింది. ఒక కాపీ నా బల్ల మీద పెట్టింది.

"అసలుది నా దగ్గరుంటది. ఒకటి మా అన్న ఇంట్లో, ఒకటి మీ దగ్గర. ఒకచోట కాలినా ఇంకోచోట ఉండాలిగా."

ఆపరేటర్ నా వైపు చూశాడు. పెన్‌డ్రైవ్ మాట ఎత్తలేదు.

ఆ కాగితం నకలు ఒకటి ఆమె అప్పీలుతో పాటు పైకి వెళ్ళింది. రిటైర్మెంటుకు వారం ముందు నాకు ఛార్జి మెమో వచ్చింది. పెన్షన్ ఫైలు ఏడాదిపాటు బల్లబల్లకూ తిరిగి లోకం చూసింది. అది పెద్ద శిక్షేమీ కాదు. వీడ్కోలు సభలో మైకు పట్టుకుని ఆపరేటర్‌ను క్షమించమన్నాను. నలుగురిలో అన్నమాటకు నలుగురిలోనే చెప్పాలని. అతను, "పర్లేదండీ" అన్నాడు. కాంట్రాక్టు ఉద్యోగి పర్లేదంటే దానికి అర్థం వెతక్కూడదు.

ఆమె అప్పీలు ఒకసారి గడువు దాటిందని, ఇంకోసారి కౌలు పత్రం జత చేయలేదని వెనక్కి వచ్చింది. మూడోసారి తీసుకున్నారు. తీసుకోవడం వరకే. భూమి యజమాని ఆ పొలం వేరేవాళ్ళకిచ్చాడు. ఆమె ఇప్పుడు గుంటూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్తోంది. ఎవరి తోటలోనో బాగా కాసిన కాయలు.

మీరు ఆన్‌లైన్‌లో దాచుకోవద్దని నేను అనను. నేనూ ఇప్పటికీ దాచుకుంటున్నాను. చెదపురుగుల కంటే అది నయం. కానీ సౌకర్యం ఎంత పెరిగితే మనం అంత తక్కువ చదువుతాం. పాస్‌వర్డు గోడ మీద రాయించిన ఆఫీసులో ఫోటోలు దొంగ తీసుకెళ్ళలేదు, అధికారి తీసేశాడు. దొంగ భయం గురించి అందరూ చెబుతారు. రెండోది చెప్పేవాళ్ళు తక్కువ, ఎందుకంటే ఆ పని చేసినవాళ్ళు సాంకేతిక కారణాలై ఊరుకుంటారు. వేరే చోట, దీనితో ముడిపడని కాపీ ఒకటి ఉంచండి. అది ఉందో లేదో అప్పుడప్పుడూ తెరిచి చూడండి. మరీ ముఖ్యంగా, ఎదుటి మనిషి నాలుగు సాళ్ళు ఉంచుకుంటానంటే ఉంచుకోనివ్వండి.

అప్పీలు వాయిదా పడినప్పుడల్లా ఆమె ఫోన్ చేస్తుంది. పోయిన వారం కూడా చేసింది. వెనక పనివాళ్ళ దగ్గులు, తుమ్ములు వినిపిస్తున్నాయి.

"సార్, ఆ కాగితం ఉందా?"

"ఉందమ్మా."

"ఉందంటే కాదు. లేచి చూసి చెప్పండి. నేను లైన్లో ఉంటా."

లేచి లోపలికి వెళ్ళాను. అల్మరాలో పెన్షన్ పుస్తకం కింద కవరు తీశాను. కాగితం మడత విప్పాను.

"ఉందమ్మా, చూశాను."

"చదవండి" అంది.

మొదటి మాట నుంచి నా సంతకం దాకా చదివాను.